కాకినాడ పందిట్లో వాలంటీర్లు

తెలుగునాట జాతరలకు, తిరునాళ్లకు, పుష్కరాలకు ఊరివాళ్లు చలివేంద్రాలు పెట్టి, కూలి ఆశించకుండా జనానికి దారి చూపడం పాత ఆనవాయితీయే అయినా, ఆ పనికి ఒక దళాన్ని, ఒక క్రమశిక్షణను సమకూర్చింది జాతీయోద్యమం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాలలో కూర్చిన ‘రామదండు’, అంటే రాముని సేన, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు తరలివచ్చిన జనానికి సేవ చేసింది. దేశభక్తే వారిని కదిలించిందని చెప్పి ఊరుకోవచ్చు గాని, పురాణం నుంచి వచ్చిన ఆ పేరును విస్మరిస్తే సామాన్యులు ఆ దండులో ఎందుకు చేరారో పూర్తిగా బోధపడదు.

1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఈ చరిత్రలో మరింత కీలకమైనది. ఆ ఏడాది నాగపూర్ జెండా సత్యాగ్రహంలో క్షమాపణ చెప్పడానికి నిరాకరించి జైలుకు వెళ్లిన హుబ్లీ సేవకుల నిబ్బరం అందరినీ ఆకట్టుకోవడంతో, వారి నాయకుడు ఎన్.ఎస్. హర్డీకర్ చొరవతో అఖిల భారత స్థాయి స్వచ్ఛంద దళమైన హిందుస్థానీ సేవాదళ్ కాకినాడలోనే పుట్టింది.

అదే సమయంలో అక్కడ ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనలో, టిక్కెట్టు లేనివారిని లోపలికి రానివ్వకుండా చూసే పని పద్నాలుగేళ్ల దుర్గాబాయికి అప్పగించారు. జవాహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వస్తే ఆమె ఆయననూ ఆపింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చాకనే లోపలికి పంపింది. ఆమె కర్తవ్యనిష్ఠను నెహ్రూ మెచ్చుకున్నారు. ఎనిమిదో ఏటనే పెళ్లి జరిగిన ఆడపిల్లకు ఆనాటి సమాజంలో ఎవరినీ ఆపే అధికారం ఉండేది కాదు. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఉంది, అదీ అందరి ఎదుటా చెల్లింది.

స్వచ్ఛంద సేవకు పురికొల్పే కారణాలను క్లారీ, స్నైడర్ తదితర మనస్తత్వవేత్తలు 1998లో ఆరుగా విభజించారు: విలువలు, కొత్తది నేర్చుకోవాలన్న కోరిక, తోటివారితో కలయిక, వృత్తిలో ఎదుగుదల, మనోవేదన నుంచి ఊరట, ఆత్మవికాసం. దుర్గాబాయి ఉదంతానికి వీటిలో చివరిది కొంత దగ్గరగా ఉన్నా, నమ్మి బాధ్యత అప్పగించడంలోని బలాన్ని ఆ మాట పూర్తిగా పట్టుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మండపాల నుంచి వినాయకులు సరూర్‌నగర్ చెరువుకు కదిలే రోజున, తాడు పట్టుకుని జనాన్ని పక్కకు జరిపే కుర్రవాడిలోనూ ఆ బలాన్ని గుర్తించవచ్చు.

స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనసహాయం అందించేందుకు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు, దానికి తొలి అధ్యక్షురాలిగా నియమితురాలైనది ఈ దుర్గాబాయే.