కాలేజీ వీధి కాఫీ హౌస్: ఒక పేట కాపాడుకొన్న చరిత్ర

కలకత్తా నగరంలోని కాలేజీ వీధి ప్రాంతాన్ని అక్కడివారు ‘బొయిపాడా’ అని పిలుస్తారు. పుస్తకాల పేట అని దాని అర్థం. 1817 నాటి హిందూ కళాశాల 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారింది. సంస్కృత కళాశాల (1824), వైద్య కళాశాల (1835), విశ్వవిద్యాలయం (1857) ఈ పరిసరాలలోనివే. విద్యాలయాల వెంట పుస్తక విక్రేతలు, పాఠకుల వెంట తినుబండారాల దుకాణాలు వచ్చి చేరాయి. బయటినుండి వచ్చినవారు ఇక్కడి ప్రాచీన భవనాలను వరుసగా చూసిపోతారు. ఈ పేటవారు నడిచే దారి వేరు. పాత పుస్తకాల బడ్డీల వద్ద బేరం, గోల్‌దిఘీ చెరువు గట్టున కాసేపు విశ్రాంతి, 1918 నాటి ‘పారమౌంట్’ దుకాణంలో కొబ్బరిబొండం షర్బత్తు, చివరకు కాఫీ హౌస్. ఆ షర్బత్తు పాళ్లను రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ సూచించారని పేటలో గర్వంగా చెప్పుకొంటారు.

కాఫీ హౌస్ నడిచే భవనం పూర్వనామం ఆల్బర్ట్ హాలు. 1876 జూలై 26న సురేంద్రనాథ్ బెనర్జీ, ఆనందమోహన్ బోస్ ప్రభృతులు ‘ఇండియన్ అసోసియేషన్’ను నెలకొల్పినది ఇక్కడే. 1883 డిసెంబరులో వివిధ ప్రాంతాల ప్రతినిధులు జాతీయ సమావేశానికి కూడినదీ ఇక్కడే. బొంబాయిలో కాంగ్రెస్ పుట్టినది ఆ తరువాత రెండేళ్లకు. ఈ పైకప్పు కింద మాట్లాడుకోవడమనేది కాఫీ రాకకు ఆరు దశాబ్దాల ముందునుండే ఉన్నదన్నమాట.

వంగదేశం తేయాకు సీమ. అక్కడికి కాఫీ రావడానికి కారణం దక్షిణాది తోటల కష్టకాలం. 1930లలో ధరలు పడిపోయాయి. ప్రపంచ యుద్ధం ఐరోపా విపణిని మూసివేసింది. కొడగు, చిక్కమగళూరు, నీలగిరుల పంటను స్వదేశంలోనే అమ్ముకోవలసి వచ్చింది. దేశీయులకు కాఫీ రుచి అలవరచే నిమిత్తం పెద్ద నగరాలలో కాఫీ గృహాలు తెరిచారు. 1942లో ఆల్బర్ట్ హాలులోనూ ఒకటి వెలిసింది. అమ్మకం కోసం ఏర్పడిన ఆ స్థలాన్ని పేట తన సంభాషణకు వాడుకొన్నది. ఒక్క కప్పు ‘ఇన్‌ఫ్యూజన్’, అనగా పాలు లేని కాఫీ, ముందు పెట్టుకొని గంటలకొద్దీ కూర్చున్నా లేవమనేవారు లేరు. 1953లో మొదలైన ‘కృత్తిబాస్’ కవితా పత్రిక కవులు ఇక్కడ కూడేవారు. ఆ రోజులలో ప్రెసిడెన్సీ విద్యార్థి అయిన అమర్త్య సేన్ కూడా ఇక్కడి వాదాలలో పాల్గొన్నవారే.

ఈ ముచ్చట్లను వంగీయులు ‘అడ్డా’ అంటారు. మన భాషలో అడ్డా అంటే కూలీలు పని కోసం ఎదురుచూసే కూడలి. చిత్రమేమంటే కాఫీ హౌస్ కథలో ఈ రెండు అర్థాలూ కలిశాయి. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ గృహాలను మూసివేయ నిశ్చయించినప్పుడు పని పోగొట్టుకోబోయినవారు వంటవారు, వడ్డించేవారు. కమ్యూనిస్టు నాయకుడు ఎ. కె. గోపాలన్ సలహాతో వారు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. మొదటి సంఘం 1957 ఆగస్టులో బెంగుళూరులో ఏర్పడగా, సంఘం నడిపిన మొదటి కాఫీ హౌస్ అదే అక్టోబరులో ఢిల్లీలో తెరుచుకొన్నది. 1958 మార్చిలో త్రిస్సూరులోనూ ప్రారంభమైంది. కలకత్తాలో 1958లో తలుపులు మూసినప్పుడు ప్రెసిడెన్సీ కళాశాల, విశ్వవిద్యాలయ ఆచార్యులు ప్రభుత్వానికి విజ్ఞాపన పంపారు. ఆ ఏడాదే అవి మళ్లీ తెరుచుకొన్నాయి. నిన్నటిదాకా వడ్డించినవారే నేడు యజమానులయ్యారు.

అధికార యంత్రాంగానికి ఇందులో ఒక పాఠమున్నది. ఫైలులో అది ఒక విక్రయ కేంద్రం మాత్రమే. తెరవడానికి ఒక ఉత్తరువు చాలినట్లే మూయడానికీ ఒకటి చాలునని తోచడం సహజం. కాని ఆ మధ్యకాలంలో బల్లల చుట్టూ పెరిగిన సంబంధాలకు ఏ పద్దులోనూ చోటు లేదు. అది ఉన్నదని తెలిపినది విజ్ఞాపన పత్రమే. కట్టడాలను రక్షించే చట్టాలు మనకు ఉన్నాయి. ఒక పేట కూర్చుని తినే, మాట్లాడుకొనే అలవాటును చట్టం రక్షించలేదు. అక్కడ తినేవారు, వండేవారు కలిసి నిలబడితేనే అది నిలుస్తుంది.

2020 మే నెలలో ఉంపన్ తుపాను కాలేజీ వీధిని ముంచివేసింది. బడ్డీలలోని పుస్తకాలు నీటిపై తేలాయి. అదే ఏడాది లాక్‌డౌన్ కాఫీ హౌస్‌ను కొన్ని నెలలు మూయించింది. రెండూ తిరిగి లేచాయి. తెల్లని దుస్తులు, తలపాగాలు ధరించిన సంఘ సభ్యులు రవీంద్రుని చిత్రపటం కింద నేటికీ కాఫీ అందిస్తూనే ఉన్నారు. మన పట్టణాలలోనూ వీధి మలుపున ఇటువంటి కాఫీ హోటళ్లు, ఇరానీ చాయ్ దుకాణాలు ఉన్నాయి. వాటి చరిత్రను ఎవరు వ్రాసి పెడుతున్నారన్నది మనల్ని మనం అడుగుకొనవలసిన ప్రశ్న.