తంతి చట్టం నేర్పిన అలవాటు

మన దేశంలో ఆఖరి టెలిగ్రాం బట్వాడా అయింది 2013 జూలైలో. ఆ టెలిగ్రాం కోసం 1885లో పుట్టిన చట్టం మాత్రం ఆ తర్వాత కూడా పదేళ్లు అమల్లో ఉంది. దాని స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని పార్లమెంటు 2023 డిసెంబరులో గానీ ఆమోదించలేదు. అప్పటిదాకా టెలిఫోను, రేడియో, టీవీ, సెల్‌ఫోను, ఇంటర్నెట్ వరసగా వచ్చి ఆ పాత చట్టం కిందే చేరాయి. కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్ మీద చర్చ వచ్చినప్పుడల్లా సాంకేతికత పరుగులు తీస్తోందనీ, చట్టం దాన్ని అందుకోలేకపోతోందనీ అంటుంటారు. తంతి చరిత్ర చూస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. ప్రతి కొత్త సాధనం మీదా ప్రభుత్వానికి అధికారం మొదటి రోజు నుంచే దొరికింది. దశాబ్దాల తరబడి ఆలస్యమైంది పౌరుడికి దక్కాల్సిన రక్షణే.

ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా ఉన్న విలియం ఓషానసీ 1839లో కలకత్తా దగ్గర తంతి ప్రయోగాలు చేశాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను తీగలు కలిపాయి. 1854లోనే చట్టమూ వచ్చింది: తంతి మార్గాలు వేసే హక్కు ప్రభుత్వానిదే, ఇంకెవరైనా వేయాలంటే దాని అనుమతి కావాలి. అప్పటికి బ్రిటన్‌లో తంతి ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉంది, 1870 దాకా అలాగే నడిచింది కూడా. కాబట్టి గుత్తాధికారం ఆ యంత్రం స్వభావంలో లేదు, వలస పాలన అవసరంలో ఉంది. 1857 తిరుగుబాటు మొదలైనప్పుడు ఢిల్లీ నుంచి అంబాలాకు వెళ్లిన తంతి వార్త పంజాబులోని అధికారులను ముందుగా మేలుకొలిపింది. తిరుగుబాటుదారులు తీగలు తెంచారు. ఆ అనుభవం పాలకులకు బాగా గుర్తుంది. 1885 చట్టం నాలుగో సెక్షన్ తంతిని ప్రభుత్వ ప్రత్యేకాధికారంగా ప్రకటించింది, తనకు తోచిన షరతుల మీద, తనకు తోచిన రుసుముకు లైసెన్సు ఇవ్వవచ్చంది. అయిదో సెక్షన్ అత్యవసర పరిస్థితి పేరుతో, ప్రజా భద్రత పేరుతో సందేశాలను మధ్యలో పట్టుకునే వీలు కల్పించింది. ఆ పట్టుకోవడానికి పద్ధతి ఏమిటో, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలో అందులో లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ సెక్షన్లను మనం ఉంచుకున్నాం. 1933 నాటి వైర్‌లెస్ చట్టం పుణ్యమా అని ఇంట్లో రేడియో పెట్టుకోవడానికి లైసెన్సు తీసుకుని పోస్టాఫీసులో రుసుము కట్టే రోజులు చాలాకాలం సాగాయి. మార్పు చట్టసభ నుంచి రాలేదు, కోర్టుల నుంచి వచ్చింది. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారంపై మొదలైన తగవులో సుప్రీంకోర్టు 1995లో తీర్పిస్తూ, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ధర్మాసనంలోని మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి, రేడియో టీవీల వంటి మాధ్యమాలకు 1885 చట్టం ఏమాత్రం చాలదని వేరుగా రాసిన తీర్పులో తేల్చి చెప్పారు. మరుసటి ఏడు పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. వేసిన కేసులో, ఫోన్ల మీద నిఘాకు హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలనీ, గడువు ఉండాలనీ, సమీక్షా సంఘం చూడాలనీ కోర్టు నియమాలు పెట్టింది. అధికారం పుట్టిన 111 ఏళ్లకు దానికి పద్ధతి పుట్టింది. అది కూడా కార్యనిర్వాహకుల చేతిలోని పద్ధతే. ముందుగా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలన్న కోరికను కోర్టు ఒప్పుకోలేదు.

ఈ వాదనకు ఎదురు వాదన ఉంది, అది తేలికైనదేమీ కాదు. ప్రభుత్వ తంతి శాఖ లేకపోతే లాభం రాని చిన్న ఊళ్లకు తీగ వెళ్లేదా? చట్టంలో తంతికి ఇచ్చిన నిర్వచనం విశాలంగా ఉండబట్టే కదా, ప్రతి యంత్రానికీ కొత్త చట్టం రాయాల్సిన పని తప్పింది? రెండూ నిజమే. అయితే ఊరూరికీ తంతి చేర్చడానికి ప్రభుత్వ పెట్టుబడి కావాలి, సందేశాలను లెక్కాజమా లేకుండా చదివే అధికారం అక్కర్లేదు. విశాలమైన నిర్వచనం మంచిదే, కానీ అందులోకి కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా ప్రభుత్వ అధికారం తనంతట తానే పెరిగింది, పౌరుడి హక్కు మాత్రం ప్రతిసారీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇంటర్నెట్ నిలిపివేతలే చూడండి. వాటికి నిబంధనలను 2017లో ఈ 1885 చట్టం కిందే రాశారు. నిలిపివేత ఉత్తర్వులను బయటపెట్టి తీరాలని 2020లో పాత్రికేయురాలు అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కొత్త సాంకేతికతల దగ్గరా అదే అలవాటు కనిపిస్తోంది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారులకు సేవలందించవద్దని బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. తన పరిధిలోని ఏ సంస్థకూ నష్టం జరిగినట్టు బ్యాంకు చూపలేకపోవడంతో 2020 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వచ్చింది. పన్ను వసూలుకు నియమాలు వచ్చినంత చురుగ్గా, కొన్నవాడు మోసపోతే కాపాడే నియమాలు రాలేదు. 2024 మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ, సరిగా పరీక్షించని కృత్రిమ మేధ నమూనాలను జనంలోకి వదలాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని సలహాపత్రం ఇచ్చి, విమర్శలు రాగానే రెండు వారాల్లో ఆ షరతును తీసేసింది. తీసేయడం సబబే. కానీ మొదట తట్టింది 1854 నాటి ఆలోచనే.

మందులకు ముందస్తు అనుమతి అడగడం లేదా అని ఎవరైనా అనవచ్చు. అడుగుతాం, అడగాలి కూడా. మందుకు పరీక్షలున్నాయి, కొలమానాలున్నాయి, అనుమతి నిరాకరిస్తే కారణం చూపాలి. అలాంటి కొలమానాలు పెట్టి రుణాల మంజూరులో, వైద్యంలో, ఉద్యోగాల ఎంపికలో కృత్రిమ మేధకు అనుమతి తప్పనిసరి చేస్తే నేను సమర్థిస్తాను. 2024లో అమల్లోకి వచ్చిన యూరప్ చట్టం ప్రమాద స్థాయిని బట్టి బాధ్యతలు పెట్టింది. అందులో లోపాలున్నా, ప్రభుత్వ సంస్థలను కూడా పరిధిలోకి తెచ్చింది. మన లైసెన్సు సంప్రదాయం అడుగేయని చోటు అదే. తెలంగాణలో పోలీసులు వాడుతున్న ముఖ గుర్తింపు వ్యవస్థ చట్టబద్ధత హైకోర్టు ముందుకొచ్చింది. దాన్ని ఎక్కడ వాడవచ్చో, అది తీసిన ముఖచిత్రాలను ఎన్నాళ్లు దాచవచ్చో, పొరపాటున పట్టుబడిన మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పే ప్రత్యేక చట్టం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పదిహేడో సెక్షన్, కేంద్రం ప్రకటించే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇస్తోంది. కృత్రిమ మేధకు చట్టం రాసేవాళ్లు కంపెనీల దగ్గరికి వెళ్లేముందు ఆ సెక్షన్ దగ్గర మొదలుపెట్టాలి.