కృష్ణాతీరమున వాల్వుల కాలము

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. అంతకు అయిదు నెలల ముందు, జూన్ 30వ తేదీన, న్యూయార్కులో బెల్ ప్రయోగశాలలవారు ట్రాన్సిస్టరు అను చిన్న పరికరమును పత్రికలవారికి చూపిరి. వాల్వునకు కాలము తీరనున్నదని తెలిపిన కబురు అది. కాని కృష్ణామండలమున వాల్వుల కాలము అప్పుడే పుంజుకొనుచుండెను. ఇబ్రహీంపట్నము, కొండపల్లి, మైలవరము వంటి ఊళ్ళలో విజయవాడ ప్రసారములను నలుగురితో కలిసి వినగోరువారికి ఆ తరువాతి పది పదునైదేండ్లును ఎఱ్ఱగా వెలుగు గాజుబుడ్డియే దిక్కు.

ఒక గొంతును వేయిమందికి వినిపించుట ఎట్లన్న చింత అంతకు చాల ముందటిది. నాటకమున పద్యమెత్తిన నటుడును, తెల్లవార్లు కథ చెప్పు హరిదాసును తమ ఊపిరినే నమ్ముకొనిరి. యంత్రముతో ధ్వనిని పెంచి జనులకు వినిపించిన తొలి ఆంధ్రులలో ఒకడు మచిలీపట్నమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్య. ఆయన ఫ్రాన్సుదేశపు గోమాన్ కంపెనీవారి క్రోనోమెగాఫోనును తెప్పించి, 1910 ప్రాంతమున మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించెను. తెరపై బొమ్మ ఆడుచుండగా దానికి జతగా గ్రామఫోను పళ్లెము పాడెడిది. గ్రామఫోను సూది కదలిక మిక్కిలి స్వల్పము. అది హాలంతయు నిండుట ఎట్లు? గట్టిగా కుదించిన గాలిని ఒక గొట్టమున నింపి, దాని మూతను సూదికి తగిలించిరి. సూది కదలినకొలది మూత తెరచుకొనుచు మూసుకొనుచు గాలిని వదలెడిది. ధ్వనికి బలము గాలిది, తీరు సూదిది.

ఈ సూక్ష్మము డెల్టా రైతునకు క్రొత్తది కాదు. కాలువ తూము తలుపును లస్కరు ఒక్కడే చేతితో త్రిప్పును. అతని బలముతో నీరు పారదు. నీటికి బలము ఆనకట్ట ఎగువనున్న కృష్ణది. లస్కరు చేయి దానికి హద్దు మాత్రము చెప్పును. వాల్వు అను ఇంగ్లీషు మాటకు అర్థమును కవాటమే.

విద్యుత్తునకు ఇట్టి తూము దొరకుట అంచెలంచెలుగా జరిగినది. దీపపు బుడ్డిలో వేడెక్కిన తీగనుండి శూన్యము గుండా విద్యుత్తు ప్రవహించుటను 1883లో ఎడిసన్ గమనించి, దానిని అంతగా పట్టించుకొనలేదు. 1904లో ఫ్లెమింగు ఆ గుణమును వాడి, విద్యుత్తును ఒకే దిశకు పోనిచ్చు బుడ్డిని చేసెను. 1906లో అమెరికావాడగు లీ డీ ఫారెస్టు తీగకును ప్లేటునకును నడుమ మూడవ అంగమును, అనగా గ్రిడ్డును చేర్చెను. తూము తలుపు ఇదియే. బుడ్డిలో కొంత వాయువు మిగిలియుండవలెనని ఆయన తలచెను. అది పొరపాటనియు, శూన్యము ఎంత పూర్ణమైన పని అంత నిలుకడగా సాగుననియు తరువాత లాంగ్‌మ్యూర్, ఆర్నాల్డు నిరూపించిరి.

ఇంట తొలిసారి ధ్వనివర్ధకము కట్టుకొనువాడు సాధారణముగ 6వి6 వంటి వాల్వునే ఎన్నుకొనెడివాడు. దాని లెక్క సులభము. ప్లేటునకు 250 వోల్టులు. గ్రిడ్డు కాథోడుకంటె 12.5 వోల్టులు తక్కువగ నుండవలెను. కాథోడు దారిలో పోవు ప్రవాహము సుమారు 50 మిల్లీ ఆంపియర్లు గనుక, అచ్చట 250 ఓముల నిరోధమునుంచిన చాలును. గ్రామఫోను పికప్ నుండి వచ్చునది వోల్టులో పావు వంతు. అంతటితో 6వి6 కదలదు. కావున ముందొక చిన్న వాల్వు దానిని నలుబది యేబది రెట్లు పెంచి అందించును. ఇంత చేసినను 6వి6 ఇచ్చునది నాలుగున్నర వాట్లు, అది తినునది సుమారు పదునైదు వాట్లు. మిగిలినదంతయు వేడి. గదికిని అరుగుకును ఈ ధ్వని చాలును. శ్రీరామనవమి పందిరికైనచో రెండు 6ఎల్6 వాల్వులను ఎదురెదురుగ పనిచేయించి పాతిక వాట్లు రాబట్టి, రేకు బాకా తగిలింపవలెను.

లౌడ్ స్పీకరు తీగచుట్ట నాలుగు ఓములది. వాల్వు కోరునది 5000 ఓములు. ఈ రెంటికి పొత్తు కుదుర్చునది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. ఓముల నిష్పత్తి 1250. దాని వర్గమూలము సుమారు 35. కావున ఒక వైపు ఒక చుట్టునకు రెండవ వైపు 35 చుట్లు. కట్టువాడు పొదుపునకు పోయి చిన్న ఇనుప రేకులతో సరిపెట్టినచో మృదంగపు గుమికి బదులు డబ్బా చప్పుడు వినబడును. ఈ పనిలో పొదుపు పనికిరాని చోటు ఇదొక్కటే అన్నను తప్పులేదు.

వాల్వులు మొదట విదేశములనుండి వచ్చినవే. 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో బెంగళూరున వాల్వులు చేయ నారంభించెను. కరెంటు తీగ చేరని ఊళ్ళలో మోటారు బ్యాటరీయే ఆధారము. వైబ్రేటరు అను రేకు గజగజ వణకుచు బ్యాటరీ ప్రవాహమును త్రుంచగా, ట్రాన్స్‌ఫార్మరు దానిని వందల వోల్టులకు పెంచెడిది. ఇబ్రహీంపట్నము చెంత విజయవాడ థర్మల్ విద్యుత్కేంద్రపు తొలి యూనిట్ పనిచేయ మొదలిడినది 1979లో. దేశమునకు కరెంటు పంచు ఊరుగా ఆ ఊరు పేరొందునాటికి వాల్వులు అటకెక్కినవి.

వాల్వు యంత్రమును కట్టువాడు మరువరాని సంగతి ఒకటి కలదు. ఆ 250 వోల్టులు ప్రాణము తీయగలవు. స్విచ్ ఆపి, తీగ ఊడదీసిన పిదపను కండెన్సరులలో ఆ విద్యుత్తు నిలిచియుండును. అందుచే తెలిసినవారు దానిని నిరోధము గుండా ఖాళీ చేసి, మీటరుతో చూచి గాని లోపల చేయి పెట్టరు. ఒక చేతిని జేబులోనే ఉంచుకొనువారును కలరు; రెండు చేతులను తగిలించినచో ప్రవాహము గుండె మీదుగా పోవును గదా.

తొలిసారి కట్టిన యంత్రము పాటకు ముందు ఝుమ్మని మ్రోయుట వాడుక. ఆ మ్రోత సెకనుకు 100 మారులైనచో శుద్ధిచేయు కండెన్సరు చాలలేదని అర్థము. 50 మారులైనచో, వాల్వులను వేడిచేయు తీగలను జడవలె మెలివేయక పోయిరేమో చూడవలెను. లేదా రెండు ట్రాన్స్‌ఫార్మరులను లంబముగ కాక ఒకే దిశలో బిగించియుందురు.

అంతకన్న బెదరగొట్టునది మరొక చప్పుడు. బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డు బ్లాక్ 1927 ఆగస్టు 2వ తేదీన పడవపై హడ్సన్ నదిని దాటుచు, చేతనున్న వార్తాపత్రికపైననే ఒక పటము గీసెను: బయటికి వచ్చు ధ్వనిలో కొంత భాగమును తలక్రిందులుగ మొదటికే పంపినచో యంత్రము తన తప్పులను తానే దిద్దుకొనును. ఇంట కట్టువాడు ఈ ఏర్పాటు చేయబోయి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తీగలు రెంటిని తారుమారు చేసినచో, పంపినది తలక్రిందులు గాక సూటిగ చేరును. తప్పు దిద్దుబాటు కాదు సరిగదా, స్పీకరు వీధి చివరకు వినబడునట్లు కేక పెట్టును. అప్పుడు స్విచ్ ఆపి, కండెన్సరులను ఖాళీ చేసి, ఆ రెండు తీగలను మార్చి అతుకవలెను. మరల వాల్వులు ఎఱ్ఱబారుటకు అరనిమిషము పట్టును; ఆపై పాట వినవచ్చును.