నౌకాదళ పత్రాలు, కుటుంబ లేఖలు: ఫ్రాన్సిస్ ఆస్టెన్ చరిత్ర రచనలో ఆకరాల సమస్య

ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ సోదరులలో ఇద్దరు, ఫ్రాన్సిస్ (1774–1865), ఛార్లెస్ (1779–1852), బ్రిటిష్ నౌకాదళంలో జీవితాంతం పనిచేశారు. ఫ్రాన్సిస్ దౌహిత్రుడు జాన్ హెన్రీ హబ్బక్, అతని కుమార్తె ఈడిత్ కలిసి 1906లో వీరిద్దరి చరిత్రను ‘జేన్ ఆస్టెన్స్ సెయిలర్ బ్రదర్స్’ పేరుతో లండన్‌లో ప్రచురించారు. ఓడల లాగ్ పుస్తకాలను, ఇంట్లో మిగిలిన ఉత్తరాలను పక్కపక్కన పెట్టి ఒక పూర్వికుడి సముద్రయాన జీవితాన్ని వెలికితీసిన తొలి ప్రయత్నాలలో అది గమనించదగినది. ఈ రెండు రకాల ఆకరాలు ఒకదానికొకటి అనుబంధాలుగా కనిపించినా, అవి పుట్టిన కారణాలు వేరు, నిలిచిన కారణాలు వేరు. ఆ తేడాను విస్మరిస్తే వంశచరిత్ర స్తుతిగా మారే ప్రమాదం ఉంది.

కెప్టెన్ తన లాగ్ పుస్తకాన్ని నౌకాదళ కార్యాలయానికి సమర్పించాలి. లెక్కలు తేలితేనే జీతం చేతికి వచ్చేది. మస్టరు పుస్తకం కూడా ఇటువంటిదే. ఎంతమందికి తిండి పెట్టారు, ఎవరికి ఎంత జీతం బాకీ అన్నది తేల్చడానికే అందులో ప్రతి నావికుడి పేరు, ఓడలో చేరిన తేదీ, వయస్సు, జన్మస్థలం రాసేవారు. పారిపోయినవాడికి ఒక అక్షరం, చనిపోయినవాడికి రెండు అక్షరాలు గుర్తులు. గాలి దిశ, అక్షాంశం, కొరడా దెబ్బల సంఖ్య లాగ్‌లో ఒకే స్వరంతో నమోదవుతాయి. ఇప్పుడు లండన్ శివారులోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో ఉన్న ఈ పత్రాలు ఏ కుటుంబపు అభిమానం వల్లనో నిలిచినవి కావు. వాటి మీద ఏ కుటుంబానికీ అధికారం లేకపోవడం వల్ల నిలిచాయి. మెకంజీ సేకరించిన కైఫీయతులను కంపెనీ రెవెన్యూ పత్రాలతో పోల్చి చదివే తెలుగు పరిశోధకులకు ఈ ప్రశ్న కొత్తది కాదు: కరణం ఎవరికి చెప్పాడు, ఎందుకు చెప్పాడు?

తేదీల విషయంలో మాత్రం లాగ్ పుస్తకాన్ని ఉన్నదున్నట్లు నమ్మడానికి వీలులేదు. 1805 వరకు బ్రిటిష్ ఓడలు సముద్రంలో ఉన్నప్పుడు దినాన్ని మధ్యాహ్నం నుండి మధ్యాహ్నానికి లెక్కించేవి. నేలమీద 21వ తేదీ సాయంత్రం జరిగిన సంఘటన లాగ్‌లో 22వ తేదీ కింద కనిపిస్తుంది. రేవులో ఉన్నప్పుడు చాలావరకు సాధారణ దినాన్నే పాటించేవారు కనుక చిక్కు మరింత పెరుగుతుంది. ఇది చిన్న విషయం కాదు. 1805 జనవరి 21న తండ్రి మరణించగా, జేన్ ఆ రోజే బాత్ నగరం నుండి ఫ్రాన్సిస్‌కు ఉత్తరం రాసింది. అతని ఓడ ‘లెపర్డ్’ డంజనెస్ వద్ద ఉన్నదని ఆమె భావించింది. మరునాడు అతని నుండి వచ్చిన జాబు వల్ల ఓడ పోర్ట్స్‌మత్ చేరి ఉండవచ్చునని తెలిసి, అదే దుర్వార్తను రెండవసారి రాయవలసి వచ్చింది. రెండు లేఖలూ దొరుకుతున్నాయి. తండ్రి పోయిన వార్త కొడుకును ఏ రేవులో చేరి ఉంటుందో ఊహించాలన్నా, లేఖల తేదీలను ఓడ తేదీలతో సరిచూడక తప్పదు.

కుటుంబ లేఖ బలం ఏమిటో ట్రఫాల్గర్ సందర్భం చూపుతుంది. రియర్ అడ్మిరల్ లూయీ పతాక నౌక ‘కనోపస్’కు ఫ్రాన్సిస్ కెప్టెన్. నీరు, ఆహార సామగ్రి కోసం నెల్సన్ ఆ ఓడను అక్టోబరు తొలిరోజుల్లో జిబ్రాల్టర్‌కు పంపాడు. యుద్ధం అక్టోబరు 21న జరిగింది. కనోపస్ అక్కడ లేదు. తనకు నిశ్చయమైన వధువు మేరీ గిబ్సన్‌కు ఫ్రాన్సిస్ అక్టోబరు 15న మొదలుపెట్టి విడతలుగా రాసిన ఉత్తరం హబ్బక్‌ల గ్రంథంలో అచ్చయింది. 21వ తేదీ విడతలో శత్రునౌకలు కాదిజ్ నుండి కదిలాయన్న వార్త, పోరు తప్పిపోతుందేమోనన్న ఆందోళన ఉన్నాయి. అదే రోజున పోరు జరుగుతున్నదని అతనికి తెలియదు. 27వ తేదీ విడతలో విజయవార్త, నెల్సన్ మరణం, తనకు దక్కని అవకాశం గురించిన బాధ వస్తాయి. లాగ్ పుస్తకం ఓడ ఎక్కడున్నదో చెబుతుంది. ఒక మనిషికి ఏ రోజున ఎంత తెలుసు అన్నది మాత్రం విడతలుగా రాసి దిద్దకుండా వదిలిన ఇటువంటి ఉత్తరమే పట్టి ఉంచుతుంది.

అయితే కుటుంబం దాచిందంతా మిగలలేదు. జేన్ రాసిన ఉత్తరాలను ఫ్రాన్సిస్ దశాబ్దాలపాటు భద్రపరిచాడు. 1865లో, 91 ఏళ్ల వయస్సులో అతడు మరణించిన తర్వాత చిన్న కుమార్తె ఎవరినీ సంప్రదించకుండా వాటిని నాశనం చేసింది. కొద్దిపాటి లేఖలే తప్పించుకున్నాయి. నలభై ఏళ్ల తర్వాత గ్రంథం రాసిన దౌహిత్రుడికి ఓడల గాలి వివరాలు అందుబాటులో ఉన్నాయి. తన తాతకు ఇంటినుండి వచ్చిన ఉత్తరాలు చాలావరకు లేవు. ఆ లోటును నవలల్లోని నావికుల పాత్రలతో పూరించాలన్న ఆకర్షణ సహజమే గాని, పాత్రను సాక్షిగా నిలబెట్టడం చరిత్ర పద్ధతి కాదు.

నవల సాక్ష్యం కాగలిగిన చోటు ఒకటి ఉంది. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ (1814)లో ‘ఎలిఫెంట్’, ‘కనోపస్’, ‘ఎండిమియన్’, ‘క్లియోపాత్రా’ అనే ఓడల పేర్లు వస్తాయి. మొదటి రెండూ ఫ్రాన్సిస్ పనిచేసినవి, తర్వాతి రెండూ ఛార్లెస్‌వి. ‘ఎలిఫెంట్’ పేరును, మరి రెండు మూడు పాత ఓడల పేర్లను వాడుకోవచ్చునా అని జేన్ 1813 జులైలో అన్నను అడిగింది. అప్పుడతడు బాల్టిక్ సముద్రంలో ఆ ‘ఎలిఫెంట్’ మీదే ఉన్నాడు. అతడు ఒప్పుకొంటూ రాసిన జాబు దొరకదు. సెప్టెంబరు 25న ఆమె తెలిపిన కృతజ్ఞత వల్లనే ఆ జాబు ఒకటి ఉండేదని తెలుస్తున్నది.