గాలికాలంలో జెండా

ఆగస్టు 15 అనంతపురానికి గాలికాలంలోనే వస్తుంది. ఆషాఢంలో ఊపందుకున్న గాలి శ్రావణంలోనూ అంత తేలిగ్గా వదలదు. నైరుతి మబ్బులు తెచ్చిన వానలో ఎక్కువ భాగం పడమటి కనుమల మీదే కురిసిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ పీఠభూమికి దక్కేది గాలి. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేదీ, బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు దగ్గర వేదవతి నది ఇసుకను పొలాల మీదికి తోసేదీ అదే. బడి ముందు, పంచాయతీ ఆఫీసు ముందు ఎగిరే జెండా తట్టుకోవలసిందీ దాన్నే.

వాతావరణం బాగాలేనప్పుడు జెండా ఎగరేయవచ్చా? దేశానికో జవాబు. అమెరికాలో 1923 జూన్ 14న పలు సంఘాలు కూర్చుని రాసుకున్న నియమావళి 1942లో చట్టమైంది. గాలివాన రోజుల్లో జెండా ఎగరేయవద్దని దాని మాట. అన్ని వాతావరణాలకూ తట్టుకునే గుడ్డయితే ఫర్వాలేదన్న మినహాయింపు 1976లో చేరింది.

మన దారి వేరు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపించారు. ఎన్నో మార్పుల తర్వాత, 1947 జులై 22న రాజ్యాంగ సభ ఇప్పటి రూపాన్ని ఆమోదించింది. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన పతాక నియమావళి, ఆరుబయట ఎగిరే జెండా వాతావరణం ఎలా ఉన్నా వీలైనంతవరకు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎగరాలంది. వానొచ్చిందని దింపనక్కర్లేదు. అయితే చిరిగిన, నలిగిన జెండా ఎగరకూడదనీ, అది నేలను తాకకూడదనీ, నీళ్లలో ఈడ్చుకుపోకూడదనీ అదే నియమావళి చెబుతుంది.

అనంతపురంలో ఈ రెండు మాటలూ ఒకేసారి నిలబెట్టడం కష్టం. గాలి వేగం రెట్టింపైతే గుడ్డ మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. కొయ్యకు దూరంగా ఉండే అంచు కొరడాలా కొట్టుకుంటుంది కాబట్టి ముందు అక్కడే దారాలు లేస్తాయి. కుట్టు వదిలాక పీలికలు కావడానికి ఎంతోసేపు పట్టదు. హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల కొయ్య మీద ఎగరేసిన భారీ జెండా కూడా గాలికి చిరిగి మార్చాల్సి వచ్చింది. అట్టారీ సరిహద్దులో 2017లో ఎత్తిన 360 అడుగుల కొయ్యదీ అదే కథ.

2021 డిసెంబరులో పాలిస్టరు జెండాలకు అనుమతి వచ్చింది. తడిస్తే బరువెక్కే ఖాదీ కన్నా ఆ గుడ్డ త్వరగా ఆరుతుంది. 2022 జులైలో, ఆరుబయటా ఇళ్ల మీదా పగలూ రాత్రీ ఎగరేయవచ్చన్న సవరణ వచ్చింది. ఇంటి మీద జెండా కట్టుకునే స్వేచ్ఛ మంచిదే. కానీ సాయంత్రం దింపే అలవాటులో రోజూ ఒకసారి అంచు చూసుకునే వీలుండేది. ఇప్పుడు ఆ పని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాలి.

గాలికాలంలో చిన్న జెండా మేలు. గుడ్డ తగ్గితే గాలి పట్టూ తగ్గుతుంది. పొడవు వెడల్పులు మాత్రం 3:2 నిష్పత్తిలోనే ఉండాలి. పాడైనదాన్ని ఎక్కడో పారేయకుండా ఏకాంతంగా, మొత్తంగా, వీలైతే కాల్చి, గౌరవం తగ్గకుండా నాశనం చేయాలని నియమం. అందుకే ఆషాఢం రాకముందే బడి బీరువాలో రెండో జెండా ఒకటి సిద్ధంగా ఉండాలి.