పున్నమి పాటకు అరవై ఏళ్లు: ‘శ్రీ తిరుపతమ్మ కథ’ పాటలూ, పునర్విడుదల సమస్యా

1963లో తెలుగు ప్రేక్షకులు ఎన్.టి.రామారావును ‘లవకుశ’లో రాముడిగానూ, ‘నర్తనశాల’లో బృహన్నలగానూ చూశారు. ఆ ఏడాదే ఆయన పెనుగంచిప్రోలు గోపయ్యగా కూడా నటించాడు. మొదటి రెండు చిత్రాలకు తెలుగువారి స్మృతిలో దొరికిన పీట ‘శ్రీ తిరుపతమ్మ కథ’కు దొరకలేదు. బి.ఎస్.నారాయణ దర్శకత్వంలో, కృష్ణకుమారి తిరుపతమ్మగా, పామర్తి సంగీతంతో వచ్చిన ఆ నలుపు తెలుపు చిత్రాన్ని పూర్తిగా చూసినవారు ఈ తరంలో తక్కువ. ఘంటసాల పాడిన పున్నమి వేళ పాట మాత్రం ఆ చిత్రం పేరు తెలియనివారికి కూడా నోటికి వచ్చు. ఒక కృతిలోని ఒక ముక్క బతికి, మిగిలిన కృతి మరుగున పడటం వెనుక పాత ధ్వనిని మళ్లీ విడుదల చేయడంలో మనం పాటించిన పద్ధతి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పాశ్చాత్య ఆల్టర్నేటివ్ రాక్ సంగీతంలో వార్షికోత్సవ పునర్విడుదల గత రెండు దశాబ్దాల్లో దాదాపు ఒక సాహిత్య ప్రక్రియ స్థాయికి ఎదిగింది. రేడియోహెడ్ బృందం 1997 నాటి ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్‌ను ఇరవయ్యో ఏట, 2017లో మళ్లీ తెచ్చినప్పుడు పన్నెండు పాటలకూ ధ్వనిని శుద్ధి చేసింది. ఆ కాలంలో సింగిల్స్ వెనుక వేసిన ఎనిమిది పాటలనూ, అప్పటిదాకా విడుదల కాని మూడు పాటలనూ వాటి పక్కన చేర్చింది. నిర్వాణా ‘ఇన్ యుటెరో’ ఇరవయ్యేళ్ల సంచికకు, మొదట ఆ ఆల్బమ్‌ను రికార్డు చేసిన స్టీవ్ అల్బినీయే 2013లో కొత్త మిక్స్ కట్టాడు. ఆర్.ఇ.ఎమ్. ‘మాన్‌స్టర్’ విషయంలో స్కాట్ లిట్ ఇరవై అయిదేళ్ల తర్వాత తన చేతి పనిని తానే తిరగరాశాడు. 1994లో గిటార్ల హోరులో మునిగిపోయిన గొంతు 2019 మిక్స్‌లో ముందుకు వచ్చింది. పాతదీ కొత్తదీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఏది మేలో తేల్చుకునే హక్కు శ్రోతదే. ఈ సంచికల్లో వ్యాపారం లేదని కాదు. ఉన్న అభిమానికే అదే సరుకును మరోసారి అమ్మే ఉపాయం అందులో ఉంది. అయినా ఆ వ్యాపారం ఒక క్రమశిక్షణను వెంట తెచ్చింది. ఎవరు, ఎక్కడ, ఏ టేపు మీద, ఏ తేదీన అన్న వివరం లేకుండా అలాంటి సంచిక బయటికి రాదు.

మన దగ్గర పాత పాట మళ్లీ మళ్లీ విడుదలవుతూనే ఉంది, అయితే వేరే దారిలో. డెబ్భై ఎనిమిది చుట్ల లక్కరికార్డు నుంచి ఎల్పీకి, క్యాసెట్టుకు, సీడీకి, ఎమ్పీత్రీకి, మొబైల్ షాపులో మెమరీ కార్డు మీద ఎక్కించే పాటల మూటకు, ఇప్పుడు ఫోనులోని యాప్‌కు వచ్చిన ప్రతిసారీ పాటను దాని చిత్రం నుంచి ఊడదీసి, గాయకుడి పేరు కిందో, కథానాయకుడి పేరు కిందో కట్టారు. ఘంటసాల మధుర గీతాలు, ఎన్టీఆర్ హిట్స్, వెన్నెల పాటలు ఇలా వచ్చినవే. ఈ కూర్పుల వల్ల పాటలు బతికాయి, ఆ మేలును కాదనలేం. వాటి ధరను చెల్లించింది మాత్రం సంగీత దర్శకులు, వాద్యకారులు, చిత్రంలోని తక్కిన పాటలు. పామర్తి చాలాకాలం ఘంటసాలకు సహాయకుడిగా పనిచేసినవాడు. సొంతంగా సంగీతం చేసిన చిత్రాలు తక్కువ. అలాంటివాడి పేరు నిలబడాలంటే చిత్రం పేరు నిలబడాలి. గాయకుడి పేరు మీద కట్టిన మూటలో పున్నమి పాట ఘంటసాలే బాణీ కట్టుకున్న పాటలా వినిపిస్తుంది. ఘంటసాల సంగీత దర్శకుడు కూడా కావడం వల్ల ఈ పొరపాటు మరింత తేలికగా జరుగుతోంది.

వరుస పోతే అర్థమూ మారిపోతుంది. తిరుపతమ్మ కథ పెనుగంచిప్రోలు, అనిగండ్లపాడు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలిసిన కథ. అనిగండ్లపాడులో కొల్లావారి ఆడపడుచు, పెనుగంచిప్రోలులో కాకానివారి కోడలు. అత్త, ఆడపడుచుల ఆరళ్లు, మీద పడిన మహావ్యాధి, పశువుల మంద వెంట అడవికి వెళ్లిన భర్త గోపయ్యను పులి చంపడం, తిరుపతమ్మ యోగాగ్నిలో లీనం కావడం ఆ కథలోని ఘట్టాలు. గోపయ్య, తిరుపతమ్మల మధ్య సాగే వెన్నెల పాటను ఈ కథ తెలిసిన మనిషి ఉత్త ప్రణయగీతంగా వినలేడు. ఆ సుఖం ఎంతసేపో అతనికి ముందే తెలుసు. హైదరాబాదులోనో, డాలస్‌లోనో అదే పాటను వెన్నెల పాటల వరుసలో వినేవారికి అందులో మల్లెపూల వాసన తప్ప మరొకటి తగలదు. పాటను విడిగా విని ఆనందించడం తప్పని నేను అనడం లేదు. పెనుగంచిప్రోలు మునేటి ఒడ్డున ఆ పాటకున్న రెండో పొర కూర్పుల్లో నిలవలేదన్నదే నా ఆక్షేపణ. రాక్ ఆల్బమ్ అభిమానులు పాటల వరుసను మార్చనివ్వకుండా పట్టుబట్టేది ఇందుకే. పాట అర్థంలో కొంత దాని ముందూ వెనకా వచ్చే పాటల్లో ఉంటుంది.

2023లో ఈ చిత్రానికి అరవయ్యేళ్లు నిండాయి. ఆ ఏడాది మేలోనే రామారావు శతజయంతి. ఆగస్టు 28న ఆయన బొమ్మతో వంద రూపాయల నాణెం రాష్ట్రపతి చేతుల మీదుగా విడుదలైంది. అంతకు ముందు డిసెంబరులో ఘంటసాలకు నూరేళ్లు నిండాయి. పెనుగంచిప్రోలు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. గోపయ్య వేషం వేసిన నటుడి పేరే గోపయ్య ఊరున్న జిల్లాకు పెట్టారు. మన స్మరణ పద్ధతికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. మనం మనుషుల పుట్టినరోజులు జరుపుతాం, కృతుల పుట్టినరోజులు జరపడం అరుదు. థియేటర్లలో ఇటీవలి పునర్విడుదలల వెల్లువ కూడా ఆ దారిలోనే మొదలైంది. ‘పోకిరి’ 2022 ఆగస్టు 9న మహేష్‌బాబు పుట్టినరోజుకు వచ్చింది. ‘జల్సా’ పవన్ కల్యాణ్ పుట్టినరోజు సంబరంగా వచ్చింది. తర్వాత కొంత మార్పు కనిపిస్తోంది. 1990 మే 9న విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 2025లో సరిగ్గా అదే తేదీకి, ముప్పై అయిదేళ్లకు, శుభ్రపరచిన ప్రతితో వచ్చింది. ‘బాహుబలి’ రెండు భాగాలనూ పదేళ్ల సందర్భంగా ఒకే చిత్రంగా మళ్లీ కూర్చి 2025 అక్టోబరు చివర్లో విడుదల చేశారు. ఇవి కృతి తేదీని గుర్తుపెట్టుకున్న విడుదలలు. అయితే ఇవన్నీ పెద్ద చిత్రాలు, ఇంకా డబ్బు తేగలిగినవి. ‘శ్రీ తిరుపతమ్మ కథ’ లాంటి చిత్రం పాటలకు ఆ గౌరవం దక్కాలంటే మార్కెట్టు మీద ఆధారపడి లాభం లేదు.

ఇక ధ్వని సంగతి. రాక్ సంచికల్లో కొత్త మిక్స్ సాధ్యం కావడానికి కారణం బహుళ ట్రాకులు. గిటారుకు ఒకటి, డ్రమ్ములకు కొన్ని, గొంతుకు ఒకటి విడిగా ఉంటాయి, కాబట్టి ఇరవయ్యేళ్ల తర్వాత వాటి పాళ్లు మార్చవచ్చు. 1963 నాటి మద్రాసు స్టూడియోల్లో గాయకుడూ వాద్యబృందమూ కలిసి పాడి, వాయించి, ఒకే ట్రాకు మీద పాటను ముగించేవారు. మిక్స్ అక్కడే, ఆ గదిలోనే, మైకులకు మనుషులు ఎంత దూరంలో నిలబడాలన్న నిర్ణయంతోనే అయిపోయేది. తబలా మరీ ముందుకు వినిపిస్తే తబలా కళాకారుణ్ణి రెండడుగులు వెనక్కి జరపడమే దిద్దుబాటు. అలాంటి రికార్డింగును తిరిగి మిక్స్ చేయడం ఇటీవలి వరకు అసాధ్యం, శుద్ధి మాత్రమే వీలయ్యేది. ఆ శుద్ధిలోనే ఎక్కువ నష్టం జరిగింది. గరగర పోగొట్టాలన్న ఆత్రంలో పై స్థాయి ధ్వనులను కోసేసిన ప్రతులు మనకు లెక్కకు మించి ఉన్నాయి. సకార శకారాల పదును, తబలా కుడి మోగిన తర్వాతి కంపనం, వయొలిన్ల మెరుపు ఆ కోతలో పోయాయి. ఒంటి ట్రాకు పాటకు దొంగ స్టీరియో తొడిగిన ప్రతులు వచ్చాయి. హిందీలో ఒక దశలో ఝంకార్ బీట్స్ పేరుతో పాత పాటల మీద కొత్త డప్పులే వేశారు. గరగర ఉన్న మంచి డిస్కు, గరగర లేని మొద్దుబారిన సీడీ ఎదురుగా ఉంటే పరిశోధకుడు మొదటిదే ఎంచుకోవాలని నా నిశ్చితాభిప్రాయం.

మరో చిక్కు నిడివి. పది అంగుళాల డెబ్భై ఎనిమిది చుట్ల డిస్కు ఒక వైపు పట్టేది సుమారు మూడు నుంచి మూడున్నర నిమిషాలు. తెరమీద అంతకంటే సాగిన పాటలు డిస్కు మీద కురచయ్యేవి. వాద్యఖండమో, ఒక చరణమో తగ్గేది, లేదా పాటను రెండు వైపులకూ పంచేవారు. అందుకే ఆ కాలపు చిత్రగీతానికి ‘అసలు ప్రతి’ ఒకటే అనుకోకూడదు. చిత్రపు ధ్వని నెగెటివులో ఒకటి, డిస్కు మీద ఒకటి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంది. పునర్విడుదల సంపాదకుడు రెంటినీ వెతికి, పక్కపక్కన పెట్టి, తేడా చెప్పాలి. ప్రాచీన కావ్య పరిష్కర్తలు తాళపత్ర ప్రతుల పాఠాంతరాలను అడుగున చూపినంత శ్రద్ధ ఇక్కడా కావాలి. వి.ఎ.కె.రంగారావు వంటి సేకర్తలు వేలాది డిస్కులను కాపాడి, లేబుళ్ల మీది వివరాలను చిత్రపు వివరాలతో సరిచూసి రాసిన రాతలు ఈ పనికి మనకున్న గట్టి పునాది. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు సినీగీతాల మీద ఇచ్చిన డాక్టరేట్లలో సాహిత్య విశ్లేషణకు దొరికిన చోటు ధ్వని ప్రతుల పరిష్కారానికి దొరకకపోవడం విచారకరం.

అసాధ్యం అన్న మాట ఇప్పుడు మారుతోంది. కలిసిపోయిన ధ్వని నుంచి గొంతునూ వాద్యాలనూ యంత్ర మేధతో విడదీసే పద్ధతి బీటిల్స్ ‘రివాల్వర్’ 2022 సంచికలో వినిపించింది. 1989 నాటి ‘శివ’ను 2025 నవంబరులో డాల్బీ అట్మాస్ ధ్వనితో మళ్లీ విడుదల చేసినప్పుడు అదే తరహా సాధనం తెలుగులోకి వచ్చింది. రేపు పున్నమి పాటలోనూ ఘంటసాల గొంతును విడదీయవచ్చు. విడదీసిన గొంతు కింద కొత్త వాద్యాలు పరచాలన్న ఉత్సాహం వెంటనే పుడుతుంది. పామర్తి పేరును లేబుల్ నుంచి జారవిడిచిన మనం ఈసారి ఆయన వాద్యబృందాన్నే పాటలోంచి తీసేస్తాం. ‘మాన్‌స్టర్’ను మళ్లీ మిక్స్ చేసింది మొదట మిక్స్ చేసినవాడే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆ చేతులు ఇప్పుడు లేనప్పుడు పాత ప్రతిని ముందు పెట్టి, కొత్త ప్రతిని కొత్తదని పేరు పెట్టి పక్కన ఉంచడమే న్యాయం.

చట్టం ఈ పనికి ఇప్పుడు దారి ఇచ్చింది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, 1992 సవరణ తర్వాత, ధ్వనిముద్రణకూ చలనచిత్రానికీ రక్షణ ప్రచురణ తర్వాతి ఏడాది నుంచి లెక్కించి అరవయ్యేళ్లు. 1963లో ప్రచురితమైన ధ్వనిముద్రణల గడువు 2023 చివరికి ముగిసింది. 2024 జనవరి 1 నుంచి అవి అందరివీ. గీతానికీ బాణీకీ రక్షణ వేరు, అది రచయిత, స్వరకర్తల మరణం తర్వాత అరవయ్యేళ్లదాకా నడుస్తుంది. కాబట్టి వారి వారసుల అనుమతి, రాయల్టీ తప్పవు, తప్పకూడదు కూడా. ఐరోపాలో ఈ గడువుల ఒత్తిడి ఎంత పని చేసిందంటే, బాబ్ డిలన్ 1962 నాటి విడుదల కాని రికార్డింగులను హక్కు చేజారకుండా 2012 చివర్లో సుమారు వంద ప్రతులు మాత్రమే వేసి ‘విడుదల’ చేశారు. మన కంపెనీలకు అంత తొందర కలగలేదు. హక్కు ముగిసిన పాటను ఇక ముట్టుకోవాల్సింది గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు, ఊళ్లు.

పెనుగంచిప్రోలుకు పునరుద్ధరణ కొత్త విషయం కాదు. రెండేళ్లకొకసారి ఆ ఊరి గుడిలోని తిరుపతమ్మ, గోపయ్య, పరివార దేవతల విగ్రహాలు ఎడ్లబండ్ల మీద జగ్గయ్యపేట రంగుల మండపానికి వెళ్తాయి. అక్కడ కొత్త రంగులు దిద్దుకుని, దారిలోని ఊళ్ల మొక్కులు అందుకుంటూ తిరిగి గుడికి వస్తాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏ దారిన అన్నదానికి కట్టుబాటు ఉంది. కొత్త రంగు వేశాక పాత రంగు కనిపించదు, దాన్ని ఎవరూ కోల్పోయినట్టు భావించరు. ఎందుకంటే ఆ విగ్రహాలకు మొదటి రంగు పవిత్రం కాదు, రంగు వేయించే ఆచారమే పవిత్రం. పాట సంగతి దీనికి విరుద్ధం. అక్కడ మొదటి గొంతు, మొదటి వాద్యం పోతే మళ్లీ వేసుకునే వీలు లేదు. ఆచారంలోని కట్టుబాటును తీసుకుని, కప్పివేతను మాత్రం తీసుకోకుండా ఉండటమే ధ్వని సంపాదకుడి పని.

అలాంటి సంచిక ఒకటి సిద్ధం చేస్తే అందులో సినిమా పాటలొక్కటే ఉంటే చాలదు. 1963 చిత్రం ఈ కథకు మొదటి రూపం కాదు, చివరిదీ కాదు. బుర్రకథగా, హరికథగా, పల్లె స్త్రీల పాటగా, తిరునాళ్ల మైకుల్లో మోగే భక్తిగీతాలుగా తిరుపతమ్మ కథ ఇప్పటికీ నడుస్తోంది. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్లు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్లు వచ్చినప్పుడు అనిగండ్లపాడు నుంచి పసుపు కుంకుమ బండ్లు కదిలే దారిలో ఏం పాడతారో, ప్రభల దగ్గర ఏం మోగుతుందో అదే ఏడాది రికార్డు చేసి సినిమా పాటల పక్కన పెట్టాలి. హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం ప్రతిని యథాతథంగా అచ్చువేయాలి. అందులో కథాసంగ్రహం మధ్యలో ఆగి, మిగతాది తెరమీద చూడమనే ఆ వాక్యంతో సహా వేయాలి. డిస్కు లేబుళ్ల ఛాయాచిత్రాలు కావాలి. వాద్యకారుల పేర్లు స్టూడియో చెల్లింపు పుస్తకాల్లో దొరికినంత మేరకు చేర్చాలి. జగ్గయ్యపేట, నందిగామ, మధిర, ఖమ్మం వైపు పాత సైకిల్ షాపుల వెనుక గదుల్లో, మైకుసెట్టు అద్దెకిచ్చినవారి ఇళ్లలో లక్కరికార్డులు ఇంకా ఉండవచ్చు. అవి పగలక ముందే ఊరూరా తిరిగి అడగాలి. డిస్కు దొరికిన చోట దాన్ని కొనుక్కొచ్చే బదులు అక్కడే శుభ్రం చేసి, డెబ్భై ఎనిమిది చుట్ల గాడికి సరిపడే లావు ముల్లుతో, ఏ శుద్ధీ చేయని ప్రతి ఒకటి ముందుగా ఎక్కించి, ఇచ్చినవారి డిస్కు వారికే తిరిగి అప్పగించాలి.