బాబిలోను నుంచి కలకత్తా చేరిన పండుగ పళ్ళెం

సొరకాయ, రుబియా గింజలు, ఉల్లికాడల్లాంటి లీకు కూర, బీట్‌రూట్ ఆకు, ఖర్జూరం. కొత్త సంవత్సరం వస్తూనే ఈ అయిదూ తినడం అలవాటు చేసుకోవాలని 4వ శతాబ్దంలో బాబిలోను యూదు పండితుడు అబయే చెప్పాడు. ఆ మాట యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో చేరింది. యూదుల సంవత్సరాది రోష్ హషానా. అది తరచుగా మన దసరా నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది. 2024లో రెండూ అక్టోబరు 3నే.

ఆ కూరల ఎంపికంతా అరమాయిక్ పేర్లను బట్టే. లీకు పేరులో నరకడం వినిపిస్తుంది, బీట్‌రూట్ ఆకు పేరులో తొలగిపోవడం, ఖర్జూరం పేరులో ముగిసిపోవడం. కీడు తెగిపోవాలని, పగవాళ్లు తొలగాలని ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని ప్రార్థించి తింటారు. రుబియా పేరులో వృద్ధి వినిపిస్తుంది. తర్వాత దానిమ్మ చేరింది, దాని గింజలన్ని పుణ్యాలు కలగాలని. చేప తలో గొర్రె తలో చేరింది, తోకగా కాక తలగా బతకాలని. మన ఉగాది పచ్చడి రాబోయే చేదును ముందే ఒప్పుకుంటుంది. ఈ పళ్ళెం మాత్రం చేదు గడప తొక్కకూడదని వేడుకుంటుంది. పదేపదే ఊళ్లు విడిచి పోవలసి వచ్చిన జాతి ఇంకేం కోరుకుంటుంది?

రుబియా అంటే మెంతులని 11వ శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రాషీ అన్నాడు. బాగ్దాద్ గురువు యోసెఫ్ హయీమ్ (1835–1909) పళ్ళెంలో బొబ్బర్లే పెట్టించాడు. కలకత్తా యూదులకు బాగ్దాదే ప్రమాణం. అయినా మెంతులు వాళ్ల వంటిల్లు వదల్లేదు. నానబెట్టి, నురగ వచ్చేలా గిలకొట్టి, అల్లం, కొత్తిమీర, నిమ్మరసం కలిపిన హిల్బె అనే పచ్చడిగా భోజనంలో నిలిచాయి.

అలెప్పోలో పుట్టిన షాలోమ్ కొహెన్ 1798లో కలకత్తా చేరాడు. వెనకాలే బాగ్దాద్ కుటుంబాలు వచ్చాయి. 1940లలో సుమారు 5,000 మంది యూదులు ఉండేవారు. వాళ్ల వంటలు చాలా ఇళ్లలో ముస్లిం వంటవాళ్లే చేసేవారు, ఎక్కువమంది మేదినీపూర్ వాళ్లు. పంది మాంసం ఇద్దరికీ నిషిద్ధం. మాంసం, పాలు కలపకూడదన్న యూదుల నియమాన్ని ఆ వంటవాళ్లు నేర్చుకున్నారు. అందుకే మాంసం కూరల్లో పాలకు బదులు కొబ్బరిపాలు వాడారు. ఈ పండుగ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే: ఒక మతం వాళ్ల నియమాన్ని మరో మతం వాళ్లు తరాల తరబడి పొయ్యి దగ్గర కాపాడడం.

ఇప్పుడు నగరంలో యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. 1856 నాటి బెత్ ఎల్, 1884 నాటి మాగెన్ డేవిడ్ ప్రార్థనామందిరాలను తరాలుగా ముస్లిం కుటుంబాలు చూసుకుంటున్నాయి. న్యూ మార్కెట్‌లో నహూమ్ బేకరీ నడుస్తోంది. లండన్‌కూ ఇజ్రాయెల్‌కూ వెళ్లిన కలకత్తా కుటుంబాలు తమతో ఆలూ మకల్లాను కూడా తీసుకుపోయాయి. పసుపు, ఉప్పు వేసి కాస్త ఉడికించిన బంగాళాదుంపల్ని నూనెలో సన్నసెగ మీద పైపొర గట్టిపడేదాకా వేయిస్తారు. అబయే జాబితాలో లేని ఆ బంగాళాదుంప ఇప్పుడు వాళ్ల పండుగ భోజనంలో ఉంది.